రోజుకో పోస్టు పెడుతున్నా ఆర్డర్లు రావడం లేదా? ముందు ఇన్‌బాక్స్ చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరూ మీ చెల్లెలూ ఇంట్లోనే గుడ్డ బ్యాగులు కుట్టి అమ్ముతున్నారు. ఎనిమిది నెలల కిందట ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టారు. రోజూ ఒక పోస్టు, వారానికి మూడు రీల్స్ పెడుతున్నారు. ఫాలోవర్లు 1,800 దాటారు, లైకులు బాగానే పడుతున్నాయి. కానీ నెలకు నాలుగైదు ఆర్డర్లకు మించి రావడం లేదు, అవీ తెలిసినవాళ్లవే. పేజీని ఏదైనా ఏజెన్సీకి అప్పజెప్పాలా, పోస్టులు బూస్ట్ చేయాలా (అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించాలా), లేక రోజుకు రెండు పోస్టులు పెట్టాలా అని అడిగారు.

మూడింటికీ నా జవాబు ఒకటే: ఇప్పుడే వద్దు. లోటు పోస్టుల సంఖ్యలో లేదు. బ్యాగు చూసి ముచ్చటపడిన మనిషి డబ్బు కట్టేదాకా వచ్చే దారి ఎక్కడో తెగింది. ఆ చోటు కనిపెట్టకుండా ఎంతమందిని పేజీకి తెచ్చినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. పోస్టులు వారానికి మూడుకు తగ్గించండి. మిగిలిన సమయాన్ని వచ్చిన సందేశాలకు జవాబివ్వడానికి, ఇదివరకు కొన్నవాళ్లతో మాట్లాడటానికి వాడండి. యాడ్స్ సంగతి మూడు నెలల తర్వాత చూద్దాం.

కారణాలు చెప్తాను. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

నేను మొదట్లో ఫోటో ఫ్రేములు కట్టేవాడిని. ఆ పని కోసమే పేజీ పెట్టి, చేయాల్సిన తప్పులన్నీ చేసి, మెల్లగా దారిలో పడ్డాను. తెలిసినవాళ్లు తమ పేజీలు కూడా చూడమనడంతో చివరికి అదే నా పనైపోయింది. పదకొండేళ్లుగా ఒకరిద్దరు మనుషులతో నడిచే వ్యాపారాలే చూస్తున్నాను: కుట్టుపని, కొవ్వొత్తులు, చెక్క బొమ్మలు, సైకిల్ రిపేరు, సంగీతం పాఠాలు. పెద్ద బ్రాండ్ల లెక్కలు వేరు, వాటి జోలికి పోను.

ఎవరైనా కొత్తగా పిలిస్తే నేను మొదట వాళ్ల పోస్టులు చూడను. పక్కన కూర్చుని ఫోన్ తీయమంటాను, ఇన్‌బాక్స్ తెరవమంటాను. కొవ్వొత్తులు చేసే ఒకావిడ అచ్చం మీలాగే "ఎవరూ అడగడం లేదండీ" అంది. ఇన్‌బాక్స్ పైన 'రిక్వెస్ట్స్' అని చిన్న అక్షరాల్లో ఉంది. మనం ఫాలో కాని వాళ్లు పంపిన సందేశాలు సాధారణంగా అక్కడ పడతాయి. అది నొక్కాం. నలభైకి పైగా సందేశాలు బయటపడ్డాయి. ఒకరు ఆఫీసు కార్యక్రమానికి 60 కొవ్వొత్తులు కావాలని, ఫలానా తేదీలోగా ఇవ్వగలరా అని అడిగారు. రెండు రోజుల తర్వాత అదే మనిషి ఒక్క ప్రశ్నార్థకం పంపారు. ఆ తర్వాత "పర్లేదండి, వేరే చోట తీసుకున్నాం" అని ఉంది. మేం చూసేసరికి ఆ మాట వచ్చి పదకొండు వారాలైంది. ఆవిడ ఏమీ అనలేదు. ఫోన్ బోర్లా పెట్టి కాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

ఆ అడుగున 'హిడెన్ రిక్వెస్ట్స్' అని ఇంకోటి ఉంటుంది. అందులో చెత్తే ఎక్కువ, అయినా వారానికోసారి తొంగిచూడండి.

ఇక జవాబిచ్చే తీరు. "ఈ బ్యాగు ఎంత?" అని అడిగితే ధర ఒక్కటే పంపి ఊరుకుంటే సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. ధరతో పాటు ఏ రంగులు ఉన్నాయో, ఎన్ని రోజుల్లో చేరుతుందో రెండు ముక్కల్లో చెప్పి, చివర ఒక చిన్న ప్రశ్న అడగండి. "రోజూ ఆఫీసుకు తీసుకెళ్లడానికా, ప్రయాణాలకా?" అన్నారనుకోండి, అవతలి మనిషి తప్పకుండా ఏదో ఒకటి చెప్తారు. అక్కడినుంచి అది దుకాణంలో ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నట్టే సాగుతుంది. ఆలస్యం కూడా కొంప ముంచుతుంది. రాత్రి పదింటికి అడిగిన మనిషికి మర్నాటి సాయంత్రానికి ఆ ఉత్సాహం ఉండదు. అలాగని రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చోమనడం లేదు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తే చాలు.

ఇంకో మాట, ఇది చాలామందికి నచ్చదు. ధర పోస్టులోనే రాయండి. "ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి" అనడం వల్ల సందేశాలు పెరుగుతాయని ఎవరో ఎక్కడో చెప్పారు, అది అందరూ పట్టుకున్నారు. సందేశాలు పెరిగే మాట నిజమే. కానీ అందులో సగం మంది ధర వినగానే మాయమవుతారు, వాళ్లందరికీ జవాబు టైపు చేసేది మీరే. కొనే ఉద్దేశం ఉండి, అడగడానికి మొహమాటపడేవాళ్లు మాత్రం అసలు అడగకుండానే వెళ్లిపోతారు. నేను చూసిన పేజీల్లో ధర రాసిన చోట ఎంక్వైరీలు తగ్గాయి, ఆర్డర్లు తగ్గలేదు. కొలత చెప్పి కుట్టించుకునే పనైతే "ఇంత నుంచి మొదలు" అని రాయొచ్చు.

ఇప్పుడు ఫాలోవర్ల సంగతి. 1,800 మందిలో ఎంతమంది బంధువులు, పాత క్లాస్‌మేట్లు, మీలాగే బ్యాగులు కుట్టి అమ్మేవాళ్లు? ఒకసారి జాబితా తెరిచి వరసగా వందమందిని చూడండి. కొనే అవకాశం ఉన్నవాళ్లు ఎంతమంది తేలతారో మీకే అర్థమవుతుంది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్న సామెత ఇలాంటి పేజీలకు సరిగ్గా సరిపోతుంది.

ఈ విషయంలో నాకు బాగానే దెబ్బ తగిలింది. ఫ్రేముల పేజీ పెట్టిన కొత్తలో ఒక గివ్‌అవే పెట్టాను. పేజీ ఫాలో అయి, ముగ్గురిని ట్యాగ్ చేస్తే ఒకరికి పెద్ద ఫ్రేము ఉచితం. పది రోజుల్లో 2,000 మంది చేరారు. నేను గాల్లో తేలాను. బహుమతి ఇచ్చేశాక వాళ్లలో ఎవరూ ఉలకలేదు, పలకలేదు. అంతకుముందు పోస్టు పెడితే ఇద్దరు ముగ్గురైనా కొలతలు అడిగేవారు. ఆ తర్వాత అదీ పోయింది. ఉచితం కోసం వచ్చినవాళ్లు ఫ్రేముల పోస్టు చూడగానే వేలితో పైకి తోసేస్తుంటే, దీని మీద ఎవరికీ ఆసక్తి లేదని యాప్ లెక్కకట్టుకుంటుంది. ఆ పేజీ మళ్లీ కోలుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. డబ్బిచ్చి ఫాలోవర్లను కొనడం దీనికంటే హీనం, దాని గురించి వేరే చెప్పను.

ఒకప్పుడు ఫాలోవర్ల సంఖ్యకు విలువ ఉండేది. ఇన్‌స్టాగ్రామ్‌లో 2016 దాకా పోస్టులు వచ్చిన వరసలోనే కనిపించేవి. ఆ ఏడాది నుంచి, ఎవరికి ఏది నచ్చుతుందో యాప్ అంచనా వేసి చూపించడం మొదలైంది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ కూడా స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకే ముందు చోటిస్తామని, వ్యాపార పేజీల పోస్టులు తగ్గుతాయని బాహాటంగానే చెప్పింది. 2020లో రీల్స్ వచ్చాక, మిమ్మల్ని ఫాలో కానివాళ్లకు కూడా మీ వీడియో చేరే దారి ఏర్పడింది. అంటే ఇవాళ 300 మంది ఉన్న పేజీ వీడియో వేలమందికి చేరొచ్చు, 10,000 మంది ఉన్న పేజీ పోస్టు కొన్ని వందల మంది కంటపడి ఆగిపోవచ్చు. ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఇంకొకరికి పంపారా అన్నవి ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి స్వయంగా చెప్పిన మాట. నేను మూడోదాన్నే ఎక్కువ పట్టించుకుంటాను. "ఇది నీకు బాగుంటుంది చూడు" అని ఒకరు తన స్నేహితురాలికి పంపితే, అంతకు మించిన ప్రచారం ఏముంటుంది?

మరి ఏం పెట్టాలి? ఇక్కడ నాకొక పాత అలవాటు ఉంది. ఒక నోట్‌బుక్ పెట్టి, కొనేవాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నా వాళ్ల మాటల్లోనే రాసుకుంటాను. నెల తిరిగేసరికి పోస్టుల కోసం తల బద్దలు కొట్టుకునే పని ఉండదు. మీ బ్యాగుల విషయంలో ఏం అడుగుతారో నేను ఊహించగలను. ల్యాప్‌టాప్ పడుతుందా? ఉతికితే రంగు దిగుతుందా? భుజానికి వేసుకుంటే ఎక్కడిదాకా వస్తుంది? జిప్ పోతే ఎలా? ప్రతి ప్రశ్నా ఒక వీడియోనే.

మొదటిదే తీసుకోండి. బ్యాగును బల్ల మీద పెట్టి, కిటికీ పక్క వెలుతురులో, పైనుంచి ఫోన్ పట్టుకోండి. ముందు ల్యాప్‌టాప్ దూర్చండి. తర్వాత ఛార్జర్, నీళ్ల సీసా, గొడుగు, ఒక పుస్తకం. జిప్ లాగండి. మూలన కొంచెం పట్టేసినట్టయితే ఆ ముక్క కత్తిరించకండి, మళ్లీ లాగి చూపించండి. తర్వాత బ్యాగు భుజాన వేసుకుని నాలుగడుగులు నడవండి. ఇరవై సెకన్లు చాలు. మాటలు రాకపోతే అక్షరాలు వేయండి. గోడకు తగిలించి తీసిన అందమైన ఫోటో కంటే ఇది ఎందుకు పనిచేస్తుందంటే, కొనేవాళ్ల మనసులో ఉన్న అనుమానం వాళ్లు అడగకముందే తీరిపోతుంది. చూసేవాళ్ల చేతికి బ్యాగు అందదు కదా, తాకి చూడలేని లోటును మీ వీడియో పూడ్చాలి. చెక్క బొమ్మలు చేసే ఒకాయనకు ఇలాగే చెప్పాను. ఆయన బొమ్మను నేలకేసి కొట్టి చూపించాడు! అంతదూరం వెళ్లమని నేను చెప్పలేదు గానీ, "పిల్లలు విరగ్గొడతారేమో" అని అడిగేవాళ్లు ఆ తర్వాత బాగా తగ్గారు.

పని జరుగుతున్న దృశ్యాలు కూడా బాగా ఆడతాయి: గుడ్డ కత్తిరించడం, కుట్టు విప్పి మళ్లీ వేయడం. అయితే వాటికి లైకులు వచ్చినంతగా ఆర్డర్లు రావు, అందుకే నాలుగింటిలో ఒకటి చాలు. ట్రెండింగ్ డ్యాన్సుల జోలికి పోకండి. ఒకవేళ వైరల్ అయినా, వచ్చినవాళ్లు డ్యాన్సు కోసమే వస్తారు. వ్యాపార ఖాతాలో ఏ పాట పడితే ఆ పాట వాడే వీలు కూడా లేదు. లైసెన్స్ లేని పాట పెడితే వీడియో మూగబోయే ప్రమాదం ఉంది. మీ కుట్టుమిషన్ చప్పుడే వినిపించండి, అదే బాగుంటుంది.

ప్రొఫైల్ గురించి ఎక్కువ చెప్పను. కొత్తవాళ్లు వచ్చి ఐదు సెకన్లలో మూడు విషయాలు తెలుసుకోవాలి: ఏం అమ్ముతారు, ఎక్కడికి పంపుతారు, ఎలా ఆర్డర్ చేయాలి. "కలలను కుట్టేవాళ్లం" లాంటి మాటలు తీసేసి ఈ మూడూ రాయండి. ప్రొఫెషనల్ ఖాతాకు మారకపోతే మారండి, ఉచితమే, గణాంకాలు కనిపిస్తాయి.

అసలు అమ్మకం చాలాచోట్ల వాట్సాప్‌లో జరుగుతుంది. అందుకే వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి. 2018 నుంచి ఉంది, చిన్న వ్యాపారాలకు ఉచితం. కేటలాగ్‌లో బ్యాగులన్నీ ఫోటో, ధరతో పెట్టండి. పదేపదే అడిగే ప్రశ్నలకు క్విక్ రిప్లైలు, అంటే ముందే సిద్ధంగా ఉంచుకునే జవాబులు, రాసుకోండి. 'అడిగారు', 'డబ్బు కట్టారు', 'పంపాం' అని లేబుళ్లు పెట్టుకుంటే ఎవరి సంగతి ఎక్కడుందో తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో దీని లింకు ఇవ్వండి.

ఇప్పటిదాకా కొన్నవాళ్లు ఎంతమంది? నెలకు ఐదు చొప్పున ఎనిమిది నెలలకు నలభై మంది అనుకుందాం. మీ దగ్గరున్న అసలైన ఆస్తి ఆ నలభై మందే. ఒక్కొక్కరికి విడిగా సందేశం పెట్టండి: బ్యాగు ఎలా ఉంది, ఎక్కడైనా కుట్టు వదిలిందా అని. అమ్మకం మాట ఎత్తకండి. ఎవరైనా బాగుందంటే అప్పుడు వాడుతున్న ఫోటో ఒకటి పంపమని, పేజీలో పెట్టుకోవచ్చా అని అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా. సైకిల్ రిపేరు చేసే కుర్రాడొకడు పాత కస్టమర్లకు ఇలా వరసగా సందేశాలు పెట్టాడు. వాడి పేజీలో ఆరు నెలల పోస్టులు తేలేని పనిని ఆ ఒక్క వారం తెచ్చింది.

కొత్త డిజైన్ వచ్చినప్పుడు వీళ్లకు వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా చేరేలా, పంపొచ్చు. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. అయితే మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అది చేరుతుంది. చాలామందికి ఇది తెలియక "పంపాను, ఎవరూ పలకలేదు" అంటారు. పార్సెల్‌లో పెట్టే చీటీ మీద "మా నంబరు సేవ్ చేసుకోండి" అని రాయండి. నెలకు రెండుసార్లకు మించి పంపితే మాత్రం బ్లాక్ చేస్తారు.

కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు యాప్‌లోనే వదిలేయకుండా వాళ్ల అనుమతితో ఒక పుస్తకంలోనో షీట్‌లోనో రాసి పెట్టుకోండి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆరు గంటలే కాబట్టి సరిపోయింది. నాకు తెలిసిన ఒక కుట్టుపని పేజీని హ్యాకర్లు ఎత్తుకుపోయారు, నాలుగేళ్ల కష్టం తిరిగి రాలేదు. 'కాపీరైట్ ఉల్లంఘించారు, ఈ లింకు నొక్కండి' అని వచ్చిన సందేశాన్ని నమ్మి పాస్‌వర్డ్ ఇచ్చేశారు. టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఈ రాత్రే ఆన్ చేయండి. అసలే టెన్షన్లు చాలవన్నట్టు ఇదొకటి మనకెందుకు?

ఇక యాడ్స్. నేను వాటికి వ్యతిరేకిని కాను, నా కస్టమర్లలో సగం మందికి నడుపుతున్నాను. కానీ ముందు మీకొక లెక్క తెలియాలి: ఎంతమంది అడిగితే ఒకరు కొంటున్నారు? ఇరవై మందికి ఒకరు అనుకుందాం. అప్పుడు ఒక బ్యాగు మీద మీకు మిగిలేదాన్ని ఇరవైతో భాగించండి. ఒక ఎంక్వైరీ తెప్పించడానికి అంతకంటే ఎక్కువ ఖర్చయితే, అమ్మిన ప్రతి బ్యాగుకూ చేతి డబ్బు వదులుతుంది. అదే జవాబిచ్చే తీరు మార్చుకుని ఎనిమిది మందికి ఒకరు కొనేలా చేసుకున్నారనుకోండి, అదే యాడ్ లాభంలోకి రావచ్చు. ముందు ఇన్‌బాక్స్ అని నేను పట్టుబట్టేది అందుకే.

మొదలుపెట్టే రోజున 'బూస్ట్' బటన్ నొక్కకండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌ల యజమాని మెటా యాడ్స్ నడపడానికి ఇచ్చే యాడ్స్ మేనేజర్ నేర్చుకోండి. మొదట్లో బెదరగొడుతుంది, రెండు ఆదివారాలు కూర్చుంటే వచ్చేస్తుంది. బూస్ట్ చాలాసార్లు లైకులు కొట్టే అలవాటున్నవాళ్లకే చూపిస్తుంది. మేనేజర్‌లో 'సందేశాలు కావాలి' అని లక్ష్యం ఎంచుకుంటే, సందేశం పంపే అలవాటున్నవాళ్లను వెతుకుతుంది. ఇదివరకే బాగా ఆడిన పోస్టునే యాడ్‌గా వాడండి. రోజుకోసారి మార్చకండి. వారంలో సుమారు 50 ఫలితాలు (మీ విషయంలో సందేశాలు) వచ్చేదాకా ఆ యాడ్ ఇంకా నేర్చుకునే దశలోనే ఉన్నట్టు మెటా లెక్క. చిన్న బడ్జెట్‌తో అంత రాకపోవచ్చు, అయినా కనీసం వారం రోజులు చేయి పెట్టకుండా ఉండండి. మీలాంటి వస్తువులు అమ్మేవాళ్లు ఏ యాడ్స్ నడుపుతున్నారో మెటా యాడ్ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నెలల తరబడి ఆగకుండా నడుస్తున్న యాడ్ కనిపిస్తే శ్రద్ధగా చూడండి, నష్టం వచ్చేదాన్ని ఎవరూ అన్నాళ్లు నడపరు.

ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు మీ దగ్గరికి వస్తారు. డబ్బిచ్చే ముందు వాళ్ల పాత ప్రచార పోస్టుల కింద కామెంట్లు చదవండి. "ఎంత?", "ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగేవాళ్లు ఉన్నారా, లేక అన్నీ హృదయం గుర్తులేనా? ఫాలోవర్లు తక్కువగా ఉన్న చిన్న ఇన్‌ఫ్లుయెన్సర్లే నయం.

ఏజెన్సీ ఎప్పుడు? నెలకు వచ్చే ఆర్డర్లు కుట్టడానికే మీ ఇద్దరి సమయం చాలనప్పుడు. అప్పుడైనా "నెలకు 30 పోస్టులు, 12 రీల్స్" అని లెక్క చెప్పేవాళ్లను పక్కన పెట్టండి. మా ఎంక్వైరీలు ఎలా లెక్కిస్తారు, యాడ్ ఖాతా ఎవరి పేరు మీద ఉంటుంది అని అడగండి. రెండో ప్రశ్న చాలా ముఖ్యం. ఖాతా వాళ్ల పేరు మీద ఉంటే, విడిపోయిన రోజున మీ డేటా అంతా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఇలా చిక్కుకున్న ఇద్దరిని నేను బయటకు లాగాల్సి వచ్చింది.

ఒక హెచ్చరిక కూడా. ఇదంతా సరిగ్గా చేసినా బ్యాగులో లోపముంటే సోషల్ మీడియా ఆ లోపాన్నే నలుగురికీ చాటుతుంది. కొన్నవాళ్లలో ఒక్కరూ రెండోసారి రావడం లేదంటే, పేజీ పక్కనపెట్టి వాళ్లకు ఫోన్ చేయండి. ఎవరైనా కామెంట్లలో తిడితే చెరపకండి. అక్కడే మర్యాదగా జవాబిచ్చి, మిగతాది ఇన్‌బాక్స్‌లో తేల్చుకోండి. తిట్టిన మనిషి మారకపోయినా, చదివే పదిమంది మీ తీరు చూస్తారు.

లెక్క కోసం ఒక్క అలవాటు చేసుకోండి. ఆర్డర్ ఇచ్చే ప్రతి మనిషినీ "మా గురించి ఎక్కడ చూశారు?" అని అడిగి, పేరు పక్కన రాయండి. లైకులు, వ్యూస్ నెలకోసారి చూస్తే చాలు. ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు, అందులో పాతవాళ్లెందరు అన్నవి మాత్రం ప్రతి ఆదివారం రాసుకోండి.

మీ రిక్వెస్ట్స్ ఫోల్డర్‌లో ఏం దొరికిందో కింద రాయండి. వీలైతే కొనకుండా ఆగిపోయిన మూడు సంభాషణలు, పేర్లూ నంబర్లూ చెరిపేసి పెట్టండి. ఎక్కడ తెగిందో చూసి చెప్తాను.